టెక్సస్‌కి కొత్తా? వాటబర్గర్‌లో ఏం తినొచ్చు?

సందేహం: ఆఫీసులో అందరూ లంచ్‌కి ‘వాటర్ బర్గర్’ అంటున్నారు. అదేంటి? బీఫ్ తినని మాకు అక్కడ ఏమైనా దొరుకుతుందా?

జవాబు: నీళ్ళతో సంబంధం లేదండీ. పేరు వాటబర్గర్, ఊరూరా ఉండే బర్గర్ల హోటళ్ళ సంస్థ. కొరకగానే ‘వాట్ ఎ బర్గర్!’ అనిపించాలని పెట్టిన పేరును ఇక్కడివాళ్ళు గబగబా పలికితే ‘వాటర్ బర్గర్’లా వినపడుతుంది. 1950 ఆగస్టులో టెక్సస్‌లోని కార్పస్ క్రిస్టీ అనే ఊళ్ళో హార్మన్ డాబ్సన్, పాల్ బర్టన్ కలిసి పెట్టిన చిన్న కొట్టుతో మొదలైంది. రెండు చేతులతో పట్టుకుంటే గాని నిలవని బర్గరు అమ్మాలని డాబ్సన్ పట్టు. అందుకే 5 అంగుళాల బన్ను, పావు పౌను బీఫు, అప్పట్లో ధర 25 సెంట్లు. కొట్టు మీద ఆ నారింజ, తెలుపు చారల కప్పు 1961లో టెక్సస్‌లోనే ఉన్న ఒడెస్సాలో మొదలైంది. డాబ్సన్ 1967లో విమాన ప్రమాదంలో పోతే భార్య గ్రేస్ వ్యాపారాన్ని నిలబెట్టారు. 2019లో షికాగో సంస్థ ఒకటి మెజారిటీ వాటా కొనేసింది. టెక్సస్‌వాళ్ళ దగ్గర ఆ మాట ఎత్తకపోవడమే మంచిది!

ఇక తిండి సంగతి. హామ్‌బర్గర్‌లో ‘హామ్’ ఉంది కాబట్టి పందిమాంసం, బీఫ్ కాదులే అనుకుంటే పప్పులో కాలేసినట్టే. మామూలుగా బర్గర్ అని అడిగితే వచ్చేది బీఫే. చికెన్ తినేవాళ్ళు వాటచికెన్ (బన్నులో చికెన్ పెట్టిన శాండ్‌విచ్) అడగండి. రాత్రి 11 నుంచి పొద్దున 11 దాకా బ్రేక్‌ఫాస్ట్ మెనూ ఉంటుంది, హనీ బటర్ చికెన్ బిస్కెట్ అందులోదే. బిస్కెట్ అంటే మనం టీలో ముంచుకునేది కాదు, మెత్తటి రొట్టెముక్క.

శాకాహారులకి వెజ్ ప్యాటీ లేదు. ‘వెజిటేరియన్’ అని ఊరుకుంటే ఏం తీసేయాలో కౌంటర్లో వాళ్ళకి తెలియకపోవచ్చు. ‘నో మీట్, యాడ్ చీజ్, యాడ్ హలపేన్యో (ఒక రకం పచ్చిమిర్చి)’ అని విడమర్చి చెప్పి, రసీదులో ‘నో మీట్’ పడిందో లేదో చూసుకోండి. గుడ్డు తినేవాళ్ళకైతే బ్రేక్‌ఫాస్ట్ వేళలో గుడ్డు, బంగాళదుంప, చీజ్ వేసిన టకీటో (చపాతీలాంటి టోర్టియాలో చుట్టింది) బాగుంటుంది. వంటగది మాత్రం ఒక్కటే. మాంసం కాల్చిన పెనం, వేయించిన నూనె తగలకూడదన్న పట్టింపుంటే కోక్‌తో సరిపెట్టుకోండి.

డబ్బు కట్టాక నారింజరంగు ప్లాస్టిక్ నెంబరు ఇస్తారు. బల్ల మీద పెట్టుకుని కూర్చుంటే తిండి అక్కడికే తెస్తారు. ఆ నెంబరు ఇంటికి పట్టుకుపోకండి, పట్టుకుపోయేవాళ్ళు ఇప్పటికే చాలామంది ఉన్నారు.