బడి పెడతానంటున్న మా పిల్లకి

అమ్మలూ,

జిల్లా (స్కూల్ డిస్ట్రిక్ట్) స్కూల్లో ఉద్యోగం మానేసి ఇక్కడే సెయింట్ పాల్‌లో చార్టర్ స్కూలు పెట్టబోతున్నావని మీ అమ్మ గుంటూరు నుంచి ఫోన్ చేసి చెప్పింది. మా పిల్ల బడి పెడుతోందని ఆ సాయంత్రం కనిపించిన వాళ్లందరికీ చెప్పుకున్నాను. రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు. ఎందుకు పట్టలేదో రాస్తున్నాను, విసుక్కోకుండా చదువు.

ముందు మీ నాన్నకి అర్థమయ్యేలా చెప్పు. ఫీజు ఎంత పెడుతుందని అడిగాడట. ఇక్కడ చార్టర్ అంటే మన అరండల్‌పేటలో పెట్టే ప్రైవేటు స్కూలు కాదు. చదువుకి ఒక్క డాలరు ఫీజు తీసుకోకూడదు, ప్రవేశ పరీక్ష పెట్టకూడదు, సీట్ల కంటే దరఖాస్తులు ఎక్కువైతే లాటరీ తీయాలి. అదీ ప్రభుత్వ బడే. కాకపోతే జిల్లా పెత్తనం ఉండదు, దాని బదులు ఒక ఒప్పందం ఉంటుంది. రాసిచ్చింది చెయ్యలేకపోతే ఆ బడిని మూసేస్తారు. నా భయమంతా ఆ ఒక్క మాట దగ్గరే.

ఇదంతా మొదలైన ఊళ్లోనే నువ్వు బడి పెడుతున్నావని గుర్తుంచుకో. దేశంలో మొదటి చార్టర్ చట్టం 1991లో మన మిన్నెసోటాలో వచ్చింది. మరుసటి ఏడాది సెప్టెంబరులో సిటీ అకాడమీ తెరిచారు. చదువు మధ్యలో వదిలేసిన పిల్లల కోసం టీచర్లే పెట్టుకున్న చిన్న బడి అది. ఈ ఆలోచనని 1988లో దేశమంతటికీ వినిపించిన ఆల్బర్ట్ షాంకర్ టీచర్ల యూనియన్ నాయకుడే. మామూలు బడిలో ఇమడని పిల్లలకి కొత్తగా ఏదైనా చేసి చూడాలి, పనికొచ్చింది తిరిగి మామూలు బడులకి చేరాలి అన్నది ఆయన కోరిక. లాభాల కంపెనీలు చొరబడటం చూశాక ఆయనే దీనికి ఎదురు తిరిగాడు. కాబట్టి నీ ప్రసంగాల్లో జిల్లా స్కూళ్లని తిట్టకు. నీ దగ్గర ఇమడని పిల్ల రేపు వెళ్లేది అక్కడికే.

చార్టర్ అన్న పేరు చూసి మురిసిపోవద్దు కూడా. స్టాన్‌ఫర్డ్‌లోని క్రెడో అనే పరిశోధన కేంద్రం 2009లో లెక్క తీస్తే, పక్కనున్న మామూలు బడుల కంటే గణితంలో మెరుగ్గా ఉన్న చార్టర్లు 17 శాతం, వెనకబడినవి 37 శాతం. మిగతా వాటిలో తేడా కనిపించలేదు. 2023లో వాళ్లే మళ్లీ చూస్తే సగటున చార్టర్ల పిల్లలే కాస్త ముందున్నారు. ఈ లెక్కలు పట్టుకుని రెండు పక్షాలూ కొట్టుకుంటూనే ఉన్నాయి. ఆ గొడవలోకి దిగకు, నీకు టైము ఉండదు.

బోర్డులో కనీసం ఐదుగురు ఉండాలి, ఒకరికొకరు చుట్టాలు కాకూడదు. మీ ఆయన్ని, మీ మరిదిని ఇంట్లోనే ఉంచు. ఆథరైజరుని, అంటే నీతో ఆ ఒప్పందం చేసుకుని బడిని కనిపెట్టుకుని ఉండే సంస్థని, ఎంచుకునే ముందు వాళ్ల కింద నడుస్తున్న బడుల ప్రిన్సిపాళ్లతో మాట్లాడు. తెలుగు ఒక భాషగా నేర్పిస్తానన్నావట, నేర్పించు, నాకు ప్రాణం లేచొస్తుంది. గుడి కమిటీ హాలు ఇస్తామన్నా, పొద్దున్నే శ్లోకం చెప్పించమన్నా దణ్ణం పెట్టి వచ్చెయ్. ఈ చట్టంలో బడికి మతం ఉండకూడదు.

ఇక బిల్డింగు సంగతి.

నేను ప్రత్యేక అవసరాలున్న పిల్లలకి చెప్పే స్పెషల్ ఎడ్‌లో పనిచేసిన ఒక చార్టర్ ఎలా మూతపడిందో నీకు పూర్తిగా ఎప్పుడూ చెప్పలేదు. పేరు రాయను. దాన్ని పెట్టినవాళ్లు దొంగలు కారు, మంచివాళ్లు. చర్చి మెట్ల మీద, కిరాణా కొట్ల ముందు నిలబడి తల్లిదండ్రుల చేత ‘మా పిల్లల్ని చేర్పిస్తాం’ అని ఫారాలు నింపించారు. కట్టలు కట్టలుగా వచ్చాయి. పెళ్లికి వస్తామన్న వాళ్లందరికీ ముందే విస్తళ్లు వేసినట్టు, ఆ ఫారాలన్నింటినీ పిల్లలుగా లెక్కేసుకున్నారు. ఆ లెక్క మీద ఒక పాత గోడౌన్‌ని బడిగా మార్చి పదేళ్ల లీజు రాసేశారు.

సెప్టెంబరులో అందులో సగం మందికి కాస్త పైగా వచ్చారు. కొందరికి బస్సు కుదరలేదు, కొందరు ఇల్లు మారారు, కొందరు పాత టీచరుని వదల్లేకపోయారు. తల్లులు అబద్ధమాడలేదు, ఏప్రిల్‌లో అన్న మాట సెప్టెంబరు దాకా నిలవలేదంతే. ఇక్కడ డబ్బంతా పిల్లల్ని బట్టే వస్తుంది. అద్దెలో 90 శాతం దాకా స్టేట్ ఇస్తుందని నువ్వు ధైర్యంగా ఉండొచ్చు. కానీ దానికి విద్యార్థి యూనిట్‌కి, అంటే తరగతిని బట్టి పిల్లల్ని లెక్కేసే కొలతకి, 1,314 డాలర్ల పరిమితి ఉంది. పిల్లలు తగ్గితే అదీ తగ్గుతుంది, లీజు మాత్రం తగ్గదు. జిల్లాల్లాగా ఆస్తి పన్ను మీద లెవీ వేసుకునే దారి నీకు లేదు.

ముందు రీడింగ్‌లో పిల్లలకి సాయం చేసేవాళ్లని తీసేశారు. తర్వాత ఒక బస్సు రూటు పోయింది, ఆ రూటు పిల్లలూ పోయారు. ఆ తర్వాత నా గదిలో సాయం చేసే సహాయకుల్ని (పారాలని) తీసేశారు. చలికాలం మధ్యలో బడి మూసేస్తున్నామని కాగితం వచ్చింది.

నా క్లాసులో మాటలు రాని బాబు ఒకడు ఉండేవాడు. గదిలోకి రావడానికే వాడికి నెలలు పట్టింది. బొమ్మల కార్డు చూపించి నీళ్లు అడగడం అప్పుడే నేర్చుకున్నాడు. వాళ్లమ్మకి ఫోన్ చేసి చెప్పాల్సింది నేనే. ‘మరి సోమవారం ఎక్కడికి తీసుకెళ్లాలి?’ అని ఒక్కటే అడిగింది. వాడి ఐఈపీ (వాడి కోసమే రాసిన చదువు ప్రణాళిక) ఫైలు పట్టుకుని కొత్త బడికి నేనే వెళ్లాను. వాళ్లు మంచిగానే తీసుకున్నారు, చట్ట ప్రకారం తీసుకోవాలి కూడా. కానీ వాడు మళ్లీ తలుపు బయటే నిలబడ్డాడు. నన్ను చూసి చెయ్యి చాచాడు, అమ్మలూ. ఇది రాస్తుంటే ఇప్పటికీ చెయ్యి వణుకుతోంది.

అందుకే, నీకు కోపం వచ్చినా సరే, చెప్తున్నాను. వచ్చిన ఫారాల్లో సగం మందే వస్తారనుకుని బడ్జెట్ రాయి. ఆ సగంతో అద్దె కట్టగలిగితేనే బిల్డింగు తీసుకో. మొదటి ఏడాది రెండు తరగతులే తెరువు. పిల్లలు తగ్గితే గదులు వెనక్కి ఇచ్చేసే షరతు లీజులో ఉండి తీరాలి. ఓనరు ఒప్పుకోకపోతే ఇంకో చోటు చూసుకో, ఏడాది ఆలస్యమైనా ఫరవాలేదు. స్పెషల్ ఎడ్ డబ్బు తర్వాతెప్పుడో వస్తుంది, జీతాలు ముందే ఇవ్వాలి. దానికి చేతిలో విడిగా డబ్బుండాలి. మొదటి రోజే లైసెన్సు ఉన్న స్పెషల్ ఎడ్ టీచరుని పెట్టుకో. లాటరీలో ఏ పిల్లవాడి పేరు వస్తుందో నీకు తెలియదు, వచ్చినవాడు నీ పిల్లవాడే.

బడి మూసెయ్యాల్సి వస్తే ఏం చేస్తామో కూడా ఇప్పుడే రాసుకో. ఏ పిల్ల ఎక్కడికి వెళ్తుంది, ఫైళ్లు ఎవరు చేరుస్తారు, తల్లులకి ఎన్ని నెలల ముందు చెప్తాం అన్నవన్నీ. అపశకునం అంటుంది మీ అమ్మ. అననీ.

లీజు డ్రాఫ్టు సంతకానికి ముందు మాకు పంపు. మీ పెదనాన్న లెక్కలు చూస్తానంటున్నారు. ఆయన ఎర్ర పెన్ను తీస్తే నొచ్చుకోకు, నీ మీద ప్రేమ అలాగే చూపిస్తారు. బ్యాక్‌గ్రౌండ్ చెక్ ఫారం కూడా ఒకటి జత చెయ్. మొదటి ఏడాది పొద్దుటిపూట వచ్చి, అక్షరాలు పట్టుబడని పిల్లల దగ్గర కూర్చుంటాను. జీతం ఊసెత్తకు. మధ్యాహ్నం మాత్రం నేను తెచ్చిన డబ్బాలోంచే తినాలి, చిక్కిపోయావని మీ అమ్మ ఒకటే గోల.

మీ పెద్దమ్మ