గజ్జలో నొప్పికి నడుముకు వైద్యం

ముప్పై అయిదేళ్ల వయసులో తుంటి ఎముక పెరిగి కీలులో ఒరుసుకుంటోందన్నారని, కీహోల్ (చిన్న రంధ్రాల గుండా చేసే) ఆపరేషన్ చేయించుకోవచ్చా అని అడిగారు. కీలు లోపలి మృదులాస్థి ఇంకా అరిగిపోకుండా ఉంటే చేయించుకోవచ్చు. ఒడిశాలోని రాయగడలో ఉంటూ రెండేళ్లు తప్పుడు వైద్యంతో పోగొట్టుకున్నవాడిగా ఈ మాట చెబుతున్నాను.

పీట మీద నుంచి లేవబోయినప్పుడల్లా నాకు ఎడమ గజ్జలో పట్టేసేది. ఇక్కడ చూపించుకున్న చోట దాన్ని నడుము నరం నొప్పిగా తేల్చి బెల్టు కట్టించారు తప్ప, ఒక్కరోజైనా తుంటిని కదిలించి చూడలేదు. ఆ బాధ నా మనసులోంచి ఇంకా పోలేదు.

చివరకు విశాఖపట్నంలో ఒక డాక్టరుగారు నొప్పి ఎక్కడో చూపించమన్నారు. బొటనవేలు వెనక్కు, తక్కిన వేళ్లు గజ్జ మీదకు వచ్చేలా తుంటిని చేత్తో పట్టుకుని చూపించాను. ఆయన వెంటనే నన్ను పడుకోబెట్టి, మోకాలిని ఛాతీ వైపు మడిచి, తొడను లోపలికి తిప్పేసరికి ప్రాణం పోయినంత పనయింది. "ఇది నడుము కాదు" అన్నారు. తొడ ఎముక తల కింద, మెడ దగ్గర సన్నబడవలసిన చోట బొడిపె ఉబ్బి, ఆ తల కూర్చునే గిన్నె అంచు చుట్టూ ఉండే లేబ్రం అనే పట్టీని చీల్చిందని ఎమ్మారైలో తేలింది. ఎదిగే వయసులో విపరీతంగా ఆడినవారిలో ఈ బొడిపె ఎక్కువట. నేను బడి రోజులన్నీ ఫుట్‌బాల్ మైదానంలోనే గడిపాను.

ఆపరేషన్‌లో కాలిని లాగి, కీలును సుమారు సెంటీమీటరు తెరిచి, చిన్న రంధ్రాల గుండా బొడిపెను చెక్కి, లేబ్రంను ఎముకకు కుట్టారు. అలా లాగినందువల్ల తొడల మధ్య మూడు రోజులు మొద్దుబారింది. ఇలా కావచ్చని ముందే చెప్పి ఉంటే అంత భయపడేవాడిని కాదు. కర్రల సాయంతో నడిచిన నెలన్నర కన్నా, ఆ తర్వాత ఫిజియోథెరపీ కోసం బొబ్బిలి, విజయనగరం మీదుగా మళ్లీ మళ్లీ రైలెక్కడమే కష్టమయింది. అయినా నన్ను నిలబెట్టింది ఆ వ్యాయామాలేనని నా గట్టి నమ్మకం. 2018లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చిన బ్రిటన్ పరిశోధనలో 348 మందిలో కొందరికి ఆపరేషన్, కొందరికి వ్యాయామ చికిత్స చేశారు. ఏడాదికి ఇరువర్గాలూ మెరుగుపడ్డాయి, ఆపరేషన్ వర్గం కొంత ఎక్కువగా.

కాబట్టి ముందు మూడు నెలలు శ్రద్ధగా వ్యాయామాలు చేయండి. మృదులాస్థి ఎంత మిగిలిందో తెలిపే కీలు సందు ఎక్స్‌రేలో ఎన్ని మిల్లీమీటర్లు ఉందో డాక్టరుగారిని అడగండి. రెండు కన్నా తక్కువని చెబితే మాత్రం ఈ ఆపరేషన్‌కు తొందరపడవద్దు.