చర్చావేదిక పెట్టబోయే మనవరాలికి

చిరంజీవి మనవరాలికి తాతయ్య ఆశీస్సులు.

సంప్రదాయాన్ని, కుటుంబాన్ని, ఆస్తి హక్కును, గ్రామ స్వపరిపాలనను గౌరవించే విద్యార్థులను కూడగట్టి, మీ రాజమహేంద్రవరం కళాశాలలో రాజకీయ చర్చావేదిక ప్రారంభించబోతున్నావని మీ అమ్మ ఫోనులో చెప్పింది. అప్పటి నుండి గర్వమూ భయమూ కలిసి నాకు సరిగా నిద్ర పట్టడం లేదు. మన ఇంటి ఆడపిల్ల దేశ వ్యవహారాల మీద నలుగురి ముందు తన అభిప్రాయం చెప్పడానికి సిద్ధపడడం నాకెంతో సంతోషం. చెప్పే తీరు గురించే ఈ ఉత్తరం.

ప్రిన్సిపాలు గారి అనుమతి కాగితం మీద తీసుకో. ఏ పార్టీ వారి దగ్గరా ఫ్లెక్సీకి కూడా డబ్బు పుచ్చుకోవద్దు. ఇవి నీకు తెలిసినవే.

నీకు తెలియని సంగతి ఒకటి చెప్పాలి. 1967 ఎన్నికల ముందు, నేను కాలేజీలో చదువుతున్న రోజుల్లో, మా స్నేహితుడొకడు స్వతంత్ర పార్టీకి గొప్ప అభిమాని. 1959లో నాగపూరు కాంగ్రెసు మహాసభ, రైతుల భూములు కలిపి ఉమ్మడిగా సాగుచేసే సహకార సేద్యానికి తీర్మానం చేసినప్పుడు, రైతు భూమి రైతు చేతిలోనే ఉండాలని రైతు నాయకులు ఆచార్య రంగా గారు ఎదురు నిలిచి, రాజాజీ తదితరులతో కలిసి ఆ పార్టీని స్థాపించారు. మావాడికి వారి ప్రసంగాలన్నీ కంఠస్థం. ఏ పనికైనా సర్కారు అనుమతి కావలసిన పర్మిట్లు, లైసెన్సుల రాజ్యమంటూ రాజాజీ చేసిన విమర్శను అతడు వేదిక మీద వివరిస్తుంటే హాలంతా చప్పట్లు మోగాయి. ఆ ఊపులో అతడు, వ్యవసాయంలో ప్రభుత్వానికి అసలు పనే లేదని అనేశాడు. వెంటనే ఒక కుర్రవాడు లేచి, "అయితే ధవళేశ్వరం ఆనకట్ట ఎవరు కట్టారండీ?" అని అడిగాడు.

1847లో మొదలై 1852లో పూర్తయిన ఆ ఆనకట్టను కాటన్ దొర సర్కారు సొమ్ముతోనే కట్టించాడు. మన డెల్టాలో ప్రతి పంటచేనూ దాని చలవే కనుక, అది కొట్టిపారేయదగిన ప్రశ్న కాదు. అయినా దానికి మంచి సమాధానం ఉంది. నీళ్లు తేవడం ప్రభుత్వం పని, చేలో ఏమి వేయాలో నిర్ణయించుకోవడం రైతు పని, ఆ రెంటి మధ్య హద్దు చెరిగిపోకూడదన్నదే మా వాదమని చెప్పి ఉంటే, ఆనాటి సభ అతడిదే అయ్యేది. అతడు ఆ మాట అనలేదు. అడిగినవాడి తండ్రి తమ ఇంట్లో పాలేరన్న సంగతి అందరి ముందూ ఎత్తి, వాడి కులం ప్రస్తావించి, "నువ్వా మాకు ఆనకట్ట గురించి చెప్పేది" అన్నాడు.

చప్పట్లు కొట్టినవారిలో సగం మంది లేచి వెళ్లిపోయారు. ప్రశ్న అడిగిన కుర్రవాడు ఆ ఏడాది చివరి వరకూ మాలో ఎవరితోనూ మాట్లాడలేదు. ఆ ఎన్నికల్లో స్వతంత్ర పార్టీ లోక్‌సభలో 44 స్థానాలు గెలుచుకుంది గాని, మా కాలేజీలో ఆ పార్టీ మాట ఎత్తే ధైర్యం ఎవరికీ మిగలలేదు. తరువాత 1978లో 44వ రాజ్యాంగ సవరణ ఆస్తి హక్కును ప్రాథమిక హక్కుల నుండి తొలగించి 300-ఎ అధికరణంలో ఉంచినప్పుడు, మావాడు ఊళ్లో ఎంతో సబబైన అభ్యంతరాలు చెప్పాడు. వినేవారికి మాత్రం అది భూస్వామి గొంతుగానే వినిపించింది.

అందుకే నాకు భయం. మన సీమలో ఏ వాదమైనా కులంలోకి జారడానికి ఎంతో సేపు పట్టదు. 2022 మే నెలలో కోనసీమ జిల్లా పేరుకు అంబేద్కర్ గారి పేరు చేర్చే విషయమై అమలాపురంలో అల్లర్లు చెలరేగి, మంత్రి ఇల్లు, శాసనసభ్యుడి ఇల్లు తగలబడడం నీకు గుర్తుండే ఉంటుంది. ఆ కేసుల్లో ఇరుక్కున్న వాళ్లలో ఎక్కువమంది కుర్రవాళ్లే. నీ వేదికలో చేరినవారంతా ఒకే కులం పిల్లలని తేలిననాడు, వేరే పిల్లలు వచ్చేదాకా సమావేశం పెట్టవద్దు. మొన్న నీ వాట్సాప్ స్టేటస్‌లో, నీతో విభేదించినవారిని దేశద్రోహులన్నావు. అది చాలా తప్పు. ఒక మనిషి దేశభక్తిని ఒక్క ముక్కలో తేల్చేసే అధికారం నీకెవరిచ్చారు? కోప్పడ్డానని చిన్నబుచ్చుకోకు తల్లీ. లాకుల దగ్గర నిలబడి, ఈ నీళ్లు ముందు ఎవరి చేలోకి వెళ్తాయి, ఎందుకని వాళ్లకే ముందు అని నన్ను విసిగించిన పిల్లవు నువ్వు. అలా అడిగే బుద్ధి నీలో పోకూడదని నా ఆరాటం.

ఇంకొక మాట. నువ్వు చదువుతున్న ఊళ్లోనే 1881 డిసెంబరు 11న కందుకూరి వీరేశలింగం గారు తొలి వితంతు వివాహం జరిపించారు. అంతకు ముందే, 1874లో, ధవళేశ్వరంలో బాలికల పాఠశాల పెట్టారు. ఆయనను అడ్డుకున్నవారు కూడా సంప్రదాయం పేరే చెప్పారు. అటువంటి సంప్రదాయాన్ని నువ్వు వెనకేసుకు వస్తే నేను ఊరుకోను. నిలుపుకోవలసినవి మనకు వేరే ఉన్నాయి: ముసలివారిని ఇంట్లోనే చూసుకునే బాధ్యత, గుడి మాన్యం ఆదాయం ఆ గుడికే చెందడం, పంచాయతీ తన డబ్బు తానే ఖర్చు పెట్టుకోగలగడం, 1997 చట్టంతో ఏర్పడిన నీటి సంఘాల్లో రైతుల మాట చెల్లడం. ఇవన్నీ ఏ ఒక్క పార్టీ జెండా కిందా ఇమడవు కనుక, ఒక్కొక్క పార్టీని ఒక్కొక్క విషయంలో మెచ్చుకోవడానికీ తప్పుపట్టడానికీ మీ పిల్లలు అలవాటు పడాలి.

మొదటి సమావేశానికి 300-ఎ అధికరణాన్నే తీసుకో. వామపక్ష విద్యార్థి సంఘంలో బాగా చదువుకున్న పిల్లనో పిల్లవాడినో పిలిచి, ముందు వారినే మాట్లాడనివ్వు. వారు చెప్పినదాన్ని వారే ఔననేటట్టు తిరిగి చెప్పిన తరువాతే నీ జవాబు మొదలుపెట్టు. రంగా గారి ప్రసంగాల నుండి నేను ఎత్తి రాసుకున్న నోటుపుస్తకం శనివారం మీ మామయ్య చేత పంపిస్తున్నాను. సహకార సేద్యం గురించిన పేజీలు ముందు చదివి, నీకు ఒప్పుదల కానిచోటల్లా పెన్సిలుతో గీత గీసి, కారణం పక్కనే రాసి పంపు.

ఇట్లు,
మీ తాతయ్య