అధర్మపరుణ్ణి ద్వేషించడం ధర్మసమ్మతమేనా?

దుర్మార్గుణ్ణి ద్వేషించడానికి మతం ఎప్పుడైనా అనుమతిస్తుందా అన్న ప్రశ్నకు, చేసిన చెడును అసహ్యించుకోవడం వేరు, చేసినవాణ్ణి ద్వేషించడం వేరు అన్న విచక్షణతోనే సమాధానం మొదలుకావాలి. చెడును అసహ్యించుకోమని బైబిలులోని 97వ కీర్తన స్పష్టంగానే చెబుతుంది. కానీ శత్రువులను సైతం ప్రేమించమన్నది అదే బైబిలులోని యేసు కొండమీది ప్రసంగం.

ఈ భేదం నాకు అన్నిటికంటే స్పష్టంగా కనిపించేది వాల్మీకి రామాయణం యుద్ధకాండలో. రావణుడు నేలకూలాక, అన్న శవం ఎదుట నిలబడి విభీషణుడు వెనుకాడతాడు. ధర్మం విడిచి, పరస్త్రీలను చెరబట్టిన క్రూరుడికి తాను అంత్యక్రియలు చేయలేనంటాడు. ఆ మాటలో న్యాయం లేదని ఎవరూ అనలేరు. సీతను పోగొట్టుకుని అంత దుఃఖం అనుభవించిన రాముడు మాత్రం, "మరణాంతాని వైరాణి", అంటే వైరాలు మరణంతోనే ముగుస్తాయి, ఇతడు నీకెంతో నాకూ అంతే, సంస్కారం జరిపించు అంటాడు. యుద్ధం తప్పని రాముడు అనలేదు, రావణుడి పాపాన్ని తగ్గించి చూపనూ లేదు. అధర్మాన్ని ఆపవలసిన పని పూర్తయ్యాక వైరానికి ఇక చోటు లేదన్నాడు, అంతే. సర్వభూతాల పట్ల ద్వేషం లేనివాడే తనకు ప్రియుడని భగవద్గీత పన్నెండో అధ్యాయంలో చెప్పిన కృష్ణుడే అర్జునుణ్ణి యుద్ధానికి పురికొల్పాడన్నది కూడా ఇక్కడ గుర్తుంచుకోవాలి.

వైరంతోనే శిశుపాలుడు హరిని చేరాడు కదా అని కొందరు భాగవతం ఏడో స్కంధాన్ని ఉదాహరిస్తారు. అయితే అక్కడ నారదుడు ధర్మరాజుకు వివరించేది, ఏ భావంతోనైనా మనసు ఎడతెగకుండా భగవంతుడిపై లగ్నం కావడం గురించే గాని, పొరుగువాడిపై పెంచుకునే పగ గురించి కాదు.