రాజుల జీవితాలు రాస్తానంటోంది మా అమ్మాయి

ప్రశ్న: మా అమ్మాయి హైదరాబాద్‌లో బీఏ హిస్టరీ ఫైనలియర్ చదువుతోంది. గ్రూప్స్ కోచింగ్‌లో చేర్పిస్తానంటే ఒప్పుకోవడం లేదు. రాజవంశాల వాళ్ల జీవిత చరిత్రలు రాస్తుందట. ఇంగ్లండ్ రాజకుటుంబం మీద లావుపాటి పుస్తకాలు తెచ్చుకుని రాత్రిళ్లు కూర్చుంటుంది. అసలు ఇది ఉద్యోగమేనా? తిండి పెడుతుందా? – ఒక తండ్రి, ఖమ్మం

జవాబు: ఉద్యోగం కాదండీ, ఆ మాట ముందే చెప్పేస్తాను. ఈ పనికి నోటిఫికేషన్ రాదు, ఒకటో తారీఖు జీతం రాదు. అలాగని ఇది గాలిలో మేడ అనుకోకండి. మీ అమ్మాయి చదివే పుస్తకాలు రాసినవాళ్లు ఎలా బతికారో చూస్తే సగం జవాబు అక్కడే దొరుకుతుంది.

ఫిలిప్ జీగ్లర్‌నే తీసుకుందాం. 1929లో పుట్టారు, ఆక్స్‌ఫర్డ్‌లో లా చదివారు. చరిత్ర కాదు, లా! 1952లో బ్రిటన్ విదేశాంగ శాఖలో చేరి పదిహేనేళ్లు పనిచేశారు. మొదటి పుస్తకాలు ఆ ఉద్యోగంలో ఉండగా రాసినవే. 1967లో కొలంబియా రాజధాని బొగోటాలో పనిచేస్తుండగా ఇంట్లోకి దొంగలు చొరబడి ఆయన భార్యను చంపేశారు. ఆ దెబ్బతో సర్వీసు వదిలి లండన్ వచ్చి ఒక ప్రచురణ సంస్థలో ఎడిటర్‌గా చేరారు. నాలుగో విలియం రాజు జీవితం 1971లో వచ్చింది. మన చివరి వైస్రాయ్ మౌంట్‌బాటన్ అధికారిక జీవిత చరిత్ర 1985లో, ఎనిమిదో ఎడ్వర్డ్‌ది 1990లో వచ్చాయి. అంటే కుటుంబాలే పిలిచి పెట్టెలు తెరిచి కాగితాలు చేతికిచ్చే నాటికి ఆయనకు యాభై దాటాయి. అప్పటిదాకా ఇల్లు గడిపింది జీతమే. రాయల్టీ అనే మాటకి రెండర్థాలున్నాయి కదా, ఒకటి రాజకుటుంబం, రెండోది పుస్తకం అమ్మితే రచయితకొచ్చే వాటా. మొదటి అర్థం వాళ్ల మీద రాసేవాళ్లలో చాలామందికి రెండో అర్థంది సరిగ్గా అందదు.

పెట్టెలు తెరిచినంత మాత్రాన అన్నీ రాసెయ్యలేరు. ఐదో జార్జి జీవితం రాయమని 1948లో రచయిత హెరాల్డ్ నికల్సన్‌ని అడిగినప్పుడు, మీరు రాయబోయేది ఒక పురాణపురుషుడి గురించి, దానికి తగ్గట్టే రాయాలి అన్నట్టుగా చెప్పారు అప్పటి రాజుగారి కార్యదర్శి. వేటాడటం, స్టాంపులు అతికించుకోవడం తప్ప ఈయన ఏళ్ల తరబడి చేసిందేమీ లేదని నికల్సన్ విసుక్కున్నది తన సొంత డైరీలో. 1952లో పుస్తకం వచ్చింది, మరుసటి ఏడాది ఆయనకు 'సర్' బిరుదు వచ్చింది. విక్టోరియా రాణి డైరీల సంగతి ఇంకా విచిత్రం. కూతురు బియాట్రిస్ తనకు నచ్చిన మేరకు ఎత్తిరాసి, అసలువి చాలామటుకు కాల్చేసింది. ఈ పనిలో ఉన్నది చదవడం ఎంత ముఖ్యమో, లేనిది ఎందుకు లేదో పసిగట్టడం అంతకన్నా ముఖ్యం. నా దృష్టిలో అసలు చదువు అదే.

రిపోర్టర్ దారి ఒకటుంది. 1992లో డయానా మీద సంచలనం రేపిన ఆండ్రూ మార్టన్ అలా వచ్చినవాడే. ఆమె ఒక స్నేహితుడి ద్వారా టేపులు పంపి చెప్పిన కథ అదని 1997లో ఆమె పోయాకే బయటపెట్టాడు. ఖమ్మం నుంచి ఆ తలుపు తట్టడం కష్టం, వదిలేద్దాం.

మీ అమ్మాయికి నేను చెప్పేది భాష గురించి. ఇంగ్లండ్ రాజుల మీద రాయడానికి, వాళ్ల కాగితాలు దాచిన విండ్సర్ కోట పక్కనే ఉన్నవాళ్లు బోలెడుమంది. హైదరాబాద్‌లో, తార్నాకలో మన రాష్ట్ర ఆర్కైవ్స్ ఉంది. మొగలుల నాటి నుంచి నిజాముల దాకా కాగితాలు ఫారసీలో, ఉర్దూలో దొంతర్లుగా ఉన్నాయి. అవి చదవగలిగిన తెలుగు పిల్లలు ఎంతమంది? ఎంఏ హిస్టరీతో పాటు ఫారసీ మొదలుపెట్టమనండి. ఉస్మానియాలో, మౌలానా ఆజాద్ ఉర్దూ యూనివర్సిటీలో ఆ శాఖలున్నాయి. తర్వాత ఆర్కైవ్స్‌లోనో, మ్యూజియంలోనో, ప్రచురణ సంస్థలోనో, కాలేజీలోనో ఉద్యోగం చూసుకోవాలి. పాత కాగితాలతో రోజూ చేతులు మాసే ఉద్యోగమైతే జీతం కాస్త తక్కువైనా కాదనకండి. ఎనిమిదింటికి వెళ్లి ఎనిమిదింటికి వచ్చే ప్రైవేటు కొలువులో పడితే మాత్రం పుస్తకం పుట్టదు. గ్రూప్స్‌ని కూడా పూర్తిగా కొట్టిపారెయ్యను. జీగ్లర్‌దీ సర్కారు నౌకరీయే కదా.

ఈ వేసవిలో ఒక పని చేయించండి. మూడో జార్జి కాలం నాటి రాజకుటుంబపు కాగితాలు ఇప్పుడు ఆన్‌లైన్‌లో ఉచితంగా చూడొచ్చు. చేతిరాత ఉత్తరాలు పది ఏరుకుని అక్షరం పొల్లుపోకుండా ఎత్తిరాయమనండి. మూడో ఉత్తరానికే ఆవులింతలొస్తే కోచింగ్ ఫీజు కట్టేయండి. అన్నానికి పిలిచినా లేవకపోతే, ఆ రాసినవి తీసుకుని ఇద్దరూ ఒకసారి నా దగ్గరికి రండి.