చుట్టాల లిస్టుతో మొదలుపెట్టొద్దమ్మా

ప్రశ్న: మాది అనంతపురం. నాకు 29 ఏళ్లు. ఆరేళ్లుగా ఒక ఫోన్ కంపెనీ కస్టమర్ కేర్‌లో చేస్తున్నా. రోజంతా తిట్లు విని రాత్రి నిద్ర పట్టడం లేదు. ఒక ప్రైవేటు బీమా కంపెనీలో సేల్స్ ఉద్యోగం వచ్చింది. చుట్టాలు, స్నేహితులు కలిపి వంద పేర్లు రాసి తెమ్మన్నారు. మా ఆయనేమో "మావాళ్ల దగ్గర పరువు పోతుంది" అంటున్నారు. ఏం చేయను?

జవాబు: ఉద్యోగం మారాలనుకోవడం తప్పేమీ కాదమ్మా. ఆరేళ్లు తిట్లు తిన్న మనిషికి ఆ మాత్రం అనిపించదా! కానీ ఇప్పుడు జనం మీకు ఫోన్ చేసి అరుస్తున్నారు, రేపు మీరు చేస్తే ఎత్తరు, ఎత్తినా "మళ్లీ మాట్లాడదాం" అని పెట్టేస్తారు. పైగా ఈ టెన్షన్ షిఫ్ట్ అయిపోగానే పోదు, టార్గెట్ ఇంటిదాకా వస్తుంది, మార్చి నెలలో మరీను.

మీ ఆయన భయపడేది ఉద్యోగానికి కాదు, ఆ వంద పేర్లకి. అందులో సగం ఆయన తరఫువాళ్లే ఉంటారు కదా. ఈ విషయంలో నేను ఆయన పక్షమే. మా బంధువొకాయన మొహమాటానికి పెద్ద పాలసీ తీసుకుని రెండో ఏడు కట్టలేక వదిలేశాడు. డబ్బు పోయింది సరే, ఆ పాలసీ చేయించిన మేనకోడలితో ఇప్పటికీ మాటల్లేవు. కొందరైతే టార్గెట్ కోసం చుట్టాల మొదటి ప్రీమియం తామే కట్టేస్తారు. అలా చేయొద్దు. అమ్మినవాళ్లు తమకొచ్చే కమీషన్‌లోంచి అలా వదులుకోవడాన్ని 1938 బీమా చట్టం 41వ సెక్షన్ ఒప్పుకోదు, 10 లక్షల దాకా జరిమానా ఉంది.

ఆఫర్ లెటర్ ముందు పెట్టుకుని ఇద్దరూ కూర్చోండి. ఫిక్స్‌డ్ జీతమెంత, టార్గెట్ రాకపోతే ఎన్నాళ్లు ఉంచుతారు, పెట్రోలు ఎవరిది, మీరు పాలసీలు అమ్మాలా లేక ఏజెంట్లను చేర్పించాలా, ఇవన్నీ అడిగి రాసుకోండి. నాలుగు నెలల ఇంటి ఖర్చు చేతిలో లేకుండా పాత ఉద్యోగం వదలొద్దు.

మీకున్న అసలు బలం ఓపిగ్గా వినడం. మన జిల్లాలో బీమా అనగానే రైతుకు గుర్తొచ్చేది పంటల బీమా, వేరుశనగ ఎండిపోయిన ఏడు డబ్బు ఎప్పుడు పడుతుందా అని చూసిన ఎదురుచూపులు. అలాంటివాళ్లు ముందు మిమ్మల్ని నాలుగు మాటలంటారు. ఆ కోపం పూర్తిగా విన్నాకే మీ పాలసీ మాట ఎత్తండి. షుగర్, బీపీ ఉంటే ఫారంలో దాచొద్దని, దాస్తే రేపు క్లెయిమ్ దగ్గర ఇంట్లోవాళ్లే ఇబ్బంది పడతారని చెప్పండి. పాలసీ కాగితం చేతికొచ్చాక నచ్చకపోతే 30 రోజుల్లో వెనక్కి ఇచ్చేయొచ్చని కూడా మీ నోటితోనే చెప్పండి, అమ్మకం పోతుందని భయపడకండి. సేద్యం చేసేవాళ్లకు నెలనెలా ప్రీమియం అంటగట్టొద్దు, కాయలమ్మిన డబ్బు వచ్చే రోజులకు ఏడాదికోసారి కట్టేలా పెట్టండి.

మొదటి ఆరు నెలలు ఆయన వైపు చుట్టాలెవరినీ అడగనని మీ ఆయనకు మాటివ్వండి. చేరకముందే అక్కడి మేనేజర్‌కూ ఇదే చెప్పండి. కుదరదంటే ఆ ఆఫీసు వద్దు, ఇంకోటి చూసుకోండి.

నిద్ర సంగతికి మాత్రం ఉద్యోగం మారేదాకా ఆగొద్దు. మానసిక సమస్యలకు ప్రభుత్వం నడిపే టెలీ మానస్ హెల్ప్‌లైన్ నంబరు 14416కి ఈ రోజే ఫోన్ చేయండి, తెలుగులోనే మాట్లాడతారు, డబ్బులేమీ అక్కర్లేదు.