ఎన్నారై సందేహాలు: ఇంటి ఇన్సూరెన్స్‌లో చవక కోట్ తీసుకుంటే తప్పా?

ప్రశ్న: అమెరికా వచ్చి ఐదేళ్లయింది. వచ్చే నెల మా మొదటి ఇంటి క్లోజింగ్, అంటే కొనుగోలు పూర్తయ్యే రోజు. ఇంటి అప్పు ఇస్తున్న లెండర్ ఇన్సూరెన్స్ కాగితం పంపమంటున్నారు. మూడు కోట్స్ తెప్పించాం. పైదానికీ కిందిదానికీ ఏడాదికి 900 డాలర్ల తేడా ఉంది. ఎలాగూ ఏమీ జరగదు, తక్కువది తీసుకోండి అని మిత్రులంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: ముందుగా మీ కొత్త ఇంటికి శుభాకాంక్షలు. గృహప్రవేశానికి ముహూర్తం పెట్టించేలోపు ఈ ఒక్క పని మాత్రం నిదానంగా చేయమని నా విన్నపం. వడ్డీలో పావు శాతం తగ్గించుకోవడానికి నెలరోజులు నలుగురు లెండర్ల చుట్టూ తిరుగుతాం. ఇన్సూరెన్స్ దగ్గరికి వచ్చేసరికి అది ఇవ్వాల్సిన కాగితాల్లో ఒకటి అనుకుని పావుగంటలో తేల్చేస్తాం. న్యూజెర్సీలో మొదటి ఇల్లు కొన్నప్పుడు మేమూ అదే చేశాం. ఆ తరవాత ఓ జనవరిలో మా తమ్ముడి పెళ్లికి ఆరు వారాలు ఇండియా వెళ్తూ, ఇంట్లో ఎవరూ ఉండరు కదా అని హీటర్ ఆపేసి వెళ్లాం. పై అంతస్తు బాత్రూమ్ పైపులో నీళ్లు గడ్డకట్టి పైపు పగిలింది. గరాజ్ తలుపు కింద నుంచి నీళ్లు వస్తున్నాయని పక్కింటాయన ఫోన్ చేసేదాకా మాకు తెలియదు. క్లెయిమ్ పెడితే, ఇంట్లో వేడి ఉంచి ఉండాలి, లేదా మెయిన్ వాల్వ్ కట్టేసి పైపుల్లో నీళ్లు తీసేసి ఉండాలి, అప్పుడే చెల్లిస్తామని పాలసీలో ఉన్న వాక్యం చూపించారు. మేం ఆ రెండూ చేయలేదని గ్యాస్ బిల్లే చెప్పింది. ఆ వాక్యం ఉన్న కాగితం మూడేళ్లుగా మా బీరువాలోనే ఉంది.

అప్పటి నుంచి నేను పట్టుకున్న లెక్క ఒకటే. ఏ నష్టం వస్తే మన కుటుంబం మళ్లీ లేవలేదో, దానికి ముందు ఇన్సూరెన్స్ ఉండాలి. వెయ్యి రెండు వేల నష్టాన్ని ఎలాగో నెట్టుకొస్తాం. లెండర్‌కి కావాల్సింది తమ అప్పుకి హామీ మాత్రమే. మీ సామాను ఏమవుతుందో, మీ మీద ఎవరైనా కోర్టుకెళ్తే ఏం చేస్తారో, ఇల్లు కాలిపోతే తిరిగి కట్టేదాకా పిల్లలతో ఎక్కడుంటారో వాళ్లు అడగరు. మీరే అడగాలి.

మూడు కోట్స్ పక్కపక్కన పెట్టి చూడండి. మామూలు ఇంటికి ఎక్కువగా ఇచ్చేది హెచ్‌ఓ-3 రకం పాలసీ. అందులో ‘ఏ’ నుంచి ‘ఎఫ్’ దాకా ఆరు భాగాలుంటాయి. ‘ఏ’ అంటే ఇల్లు. బి అంటే విడిగా ఉన్న షెడ్డు, కంచె వంటివి. సి సామాను. డి అంటే ఇల్లు ఉండటానికి పనికిరానప్పుడు బయట ఉండే ఖర్చు. ఇ అంటే లయబిలిటీ, అంటే మీ వల్ల ఇతరులకు నష్టం జరిగిందని దావా వేస్తే ఇచ్చేది. ఎఫ్ అంటే మీ ఇంట్లో అతిథికి దెబ్బ తగిలితే, తప్పెవరిదని చూడకుండా ఇచ్చే చిన్న మొత్తం వైద్య ఖర్చు. మధ్యలో ఉన్న బి, సి, డి చాలావరకు ‘ఏ’ మొత్తంలో ఇంత శాతం అని లెక్కకడతారు. కాబట్టి ‘ఏ’ తక్కువ పెడితే ఆ మూడూ తగ్గుతాయి. కోట్ చవకగా కనిపించడానికి తరచుగా కారణం ఇదే.

‘ఏ’ ఎంత ఉండాలి? మీరు కొన్న ధరకీ దీనికీ సంబంధం లేదు. కొన్న ధరలో స్థలం ఖరీదు కూడా ఉంది, స్థలం కాలిపోదు. కావాల్సింది ఇవాళ్టి కూలీతో, ఇవాళ్టి కలప ధరతో అదే ఇల్లు మళ్లీ కట్టడానికయ్యే ఖర్చు. కాలిఫోర్నియాలో ఇది కొన్న ధరలో సగమైనా కాకపోవచ్చు, స్థలం చవకైన ఊళ్లలో కొన్న ధరను మించిపోనూవచ్చు. చాలా పాలసీల్లో 80 శాతం నిబంధన ఉంటుంది. ఇల్లు తిరిగి కట్టడానికి 5 లక్షల డాలర్లవుతుందనుకోండి, మీరు కనీసం 4 లక్షలకు ఇన్సూర్ చేయాలి. 3 లక్షలకే చేసి ఉంటే, వంటగదిలో నిప్పంటుకుని 40 వేల నష్టం వచ్చినా సుమారు 30 వేలే లెక్కలోకి వస్తుంది, అందులోంచి మళ్లీ డిడక్టిబుల్, అంటే నష్టంలో మన వాటాగా మనమే పెట్టుకోవాల్సిన మొత్తం, తీసేస్తారు. ఇల్లు మొత్తం పోతేనే కదా తక్కువ పడేది అనుకోవద్దు, చిన్న నష్టంలోనూ కోత పడుతుంది. ఊరంతా ఒకేసారి దెబ్బతింటే మేస్త్రీలు దొరకరు, ధరలు పెరుగుతాయి. అందుకని ‘ఏ’ మొత్తం మీద మరో 25 శాతం దాకా ఇచ్చే ఎక్స్‌టెండెడ్ రీప్లేస్‌మెంట్ కాస్ట్ దొరికితే తప్పక చేర్చుకోండి. పాత ఇల్లయితే కొత్త బిల్డింగ్ కోడ్ ప్రకారం కట్టడానికయ్యే అదనపు ఖర్చుకు ఆర్డినెన్స్ ఆర్ లా అనే కవరేజ్ ఎంతుందో అడగండి.

ఇప్పుడు రూఫ్ సంగతి. టెక్సాస్, ఓక్లహోమా, కొలరాడో లాంటి వడగళ్ల రాష్ట్రాల్లో ఉన్నవాళ్లు దీన్ని రెండుసార్లు చదవండి. పాలసీలో రెండు డిడక్టిబుల్స్ ఉండొచ్చు. మామూలు నష్టాలకు 1,000 అనో 2,500 అనో పెద్ద అక్షరాల్లో కనిపిస్తుంది. గాలికీ వడగళ్లకూ మాత్రం 1 శాతం, 2 శాతం అని ఉంటుంది. ఆ శాతం నష్టం మీద కాదు, ‘ఏ’ మొత్తం మీద. 6 లక్షలకు ఇన్సూర్ చేసిన ఇంటికి 2 శాతమంటే 12 వేలు మీ జేబులోంచి పెట్టాలి. దీనికి తోడు కొన్ని చవక పాలసీలు రూఫ్‌కి కొత్తదాని ఖరీదు ఇవ్వవు, వయసు కొద్దీ తరుగు తీసి ఇస్తాయి. దాన్నే యాక్చువల్ క్యాష్ వాల్యూ అంటారు. ఇరవయ్యేళ్లు ఉంటుందనుకున్న రూఫ్ పదిహేనేళ్లకు దెబ్బతింది, కొత్తది వేయడానికి 20 వేలు అనుకోండి. తరుగు పోగా మిగిలేది 5 వేలు, డిడక్టిబుల్ 12 వేలు. మీకు ఒక్క డాలరూ రాదు. అదే రీప్లేస్‌మెంట్ కాస్ట్, అంటే తరుగు తీయకుండా కొత్తదాని ఖరీదు ఇచ్చే పాలసీ ఉంటే 8 వేలు వస్తాయి. మీ 900 డాలర్ల తేడా ఇక్కడే దాక్కుని ఉండొచ్చు. ఇంకో మాట. వడగళ్లు పడిన మర్నాడు తలుపు తట్టి, మీ డిడక్టిబుల్ మేమే చూసుకుంటాం అనే కాంట్రాక్టర్లు వస్తారు. టెక్సాస్‌లో 2019 నుంచి అది చట్టవిరుద్ధం. సంతకం పెట్టకండి.

వరద ఈ పాలసీలో లేదు, మూడు కోట్స్‌లోనూ ఉండదు. దీనికి విడిగా తీసుకోవాలి. 1968లో మొదలైన అమెరికా కేంద్ర ప్రభుత్వ ఫ్లడ్ ఇన్సూరెన్స్ పథకం ఇంటికి 2,50,000, సామానుకి 1,00,000 డాలర్ల దాకా ఇస్తుంది. బేస్‌మెంట్‌లో ఉన్నవాటికి చాలా తక్కువ. మేం ఫ్లడ్ జోన్‌లో లేం అని చాలామంది వదిలేస్తారు. లెండర్ తప్పనిసరి చేసేది ప్రమాదం ఎక్కువున్న జోన్లలోనే. కానీ 2017లో హరికేన్ హార్వీకి హ్యూస్టన్ ప్రాంతంలో మునిగిన ఇళ్లలో చాలా ఇళ్లు ఆ జోన్లకు బయటివే. మామూలుగా ఈ పాలసీ తీసుకున్న 30 రోజులకు గానీ అమల్లోకి రాదు, కాబట్టి తుపాను వార్త విన్నాక కొనలేం. ఇంటి అప్పుతో పాటే తీసుకుంటే ఆ నిరీక్షణ ఉండదు. ఈ నెల మీకు దొరికిన అవకాశం అది.

డ్రెయిన్ ఎదురుతన్ని బేస్‌మెంట్‌లోకి మురుగు రావడం, అక్కడ చేరే నీటిని బయటికి తోడే సంప్ పంప్ ఆగి నీళ్లు నిండటం వరద కింద రాదు, మామూలు పాలసీలోనూ రాదు. వాటర్ బ్యాకప్ అని చేర్చమంటే కొద్ది డబ్బుతో చేరుస్తారు. బేస్‌మెంట్ ఉన్నవాళ్లు దీన్ని వదలొద్దు. భూకంపం కూడా విడిగానే. కాలిఫోర్నియాలో కంపెనీలు ఆ కవరేజ్ ఇస్తామని మీకు చెప్పి తీరాలి, కానీ డిడక్టిబుల్ 5 నుంచి 25 శాతం దాకా ఉంటుంది. చెదలు, బూజు, నెలల తరబడి సింక్ కింద కారిన నీళ్లు, ఇవేవీ ఇన్సూరెన్స్ పని కాదు. హఠాత్తుగా జరిగినదానికే చెల్లింపు.

మన ఇళ్లలో ఉండి పక్క ఇళ్లలో అంతగా ఉండనిది బంగారం. సామాను కవరేజ్ 3 లక్షలుంది కదా, నగలు అందులోకే వస్తాయి అనుకుంటాం. హెచ్‌ఓ-3 ప్రామాణిక పాలసీలో నగలు దొంగతనానికి గురైతే ఇచ్చేది అన్నీ కలిపి 1,500 డాలర్లు. నగదు, బంగారు నాణేలు, బిస్కెట్లు అయితే 200. కంపెనీని బట్టి కొంత మారొచ్చు, కానీ పెళ్లినాటి హారం ఒక్కటే ఆ పరిమితిని ఎన్నో రెట్లు దాటుతుంది. దీనికి దారి, నగల్ని పేరుపేరునా రాయించి షెడ్యూల్ చేయించుకోవడం. రసీదు లేని అమ్మమ్మ నాటి గాజులకు ఇక్కడి నగల మదింపుదారు దగ్గర బరువు, విలువ రాసిన అప్రైజల్ తీసుకోండి. ఇలా రాయించిన వస్తువులకు చాలావరకు డిడక్టిబుల్ ఉండదు, ఎక్కడో జారిపోయినా వర్తిస్తుంది. ఇండియా ప్రయాణంలోనూ వర్తిస్తుందా అని అడిగి రాతపూర్వకంగా తీసుకోండి. బ్యాంక్ లాకర్‌లో పెట్టాం అని నిశ్చింతగా ఉండేవాళ్లకు ఒక మాట: బ్యాంక్ డిపాజిట్లకు ఎఫ్‌డీఐసీ అనే ప్రభుత్వ సంస్థ ఇచ్చే హామీ ఖాతాలో డబ్బుకే, లాకర్‌లో వస్తువులకు కాదు.

ఇక లయబిలిటీ. మనవాళ్లకు ఇది అంతగా అర్థం కాదు, మన ఊళ్లో మెట్టు జారి పడ్డ అతిథి మన మీద దావా వేయడు కాబట్టి. ఇక్కడ ఫుట్‌పాత్ మీద మంచు తీయకపోతే జారిపడిన డెలివరీ మనిషి, మీ ట్రాంపొలీన్ మీద చెయ్యి విరిగిన పక్కింటి పిల్లాడి తల్లిదండ్రులు, మీ కుక్క కరిచిన వాళ్లు కోర్టుకెళ్లడం మామూలు విషయం. వాళ్లు చెడ్డవాళ్లనీ కాదు, చాలాసార్లు ఆస్పత్రి ఖర్చు తట్టుకోలేకే వేస్తారు. లయబిలిటీ కవరేజ్ నష్టపరిహారంతో పాటు లాయరు ఖర్చు కూడా భరిస్తుంది. చాలా కోట్స్‌లో ఇది 1 లక్షతో మొదలవుతుంది. దాన్ని 3 లక్షలకో 5 లక్షలకో పెంచడానికి అయ్యే అదనపు ప్రీమియం చాలా కొద్ది. ఆ లయబిలిటీ పరిమితి దాటాక అందుకునే 10 లక్షల డాలర్ల అంబ్రెల్లా పాలసీ ఏడాదికి కొన్ని వందల డాలర్లలో దొరుకుతుంది, కారు ప్రమాదానికీ వర్తిస్తుంది. ఇద్దరూ ఉద్యోగాలు చేస్తూ, ఇంట్లో పదహారేళ్ల పిల్లలు కారు నడపబోతున్నారంటే నేనైతే అది లేకుండా ఒక్క రోజూ ఉండను.

ఈ భాగానికి రెండు మినహాయింపులు మనకు బాగా తగులుతాయి. ఇంట్లో కూచిపూడి, సంగీతం క్లాసులు చెప్పినా, టిఫిన్లు చేసి అమ్మినా అది వ్యాపారం. అక్కడ ఎవరికైనా దెబ్బ తగిలితే ఇంటి పాలసీ పక్కకు తప్పుకోవచ్చు. ముందే చెప్పి చేర్పించుకోండి. రెండోది, మన ఇంట్లోనే ఉంటున్న బంధువులకు తగిలిన దెబ్బలకు లయబిలిటీ గానీ ఎఫ్ భాగం గానీ పనికిరాదు. అమ్మానాన్నలు ఆరు నెలలు ఉండటానికి వస్తే బాత్రూమ్‌లో పడ్డా ఇంటి ఇన్సూరెన్స్ చూసుకుంటుందని అనుకోకండి, విజిటర్ మెడికల్ ఇన్సూరెన్స్ తప్పక తీసుకోండి.

మీరు కొంటున్నది టౌన్‌హౌస్ అయితే హెచ్‌ఓఏ (ఇంటి యజమానుల సంఘం) వాళ్ల మాస్టర్ పాలసీ ఎక్కడితో ఆగుతుందో చూసి, ఆ తరవాతదానికే మీరు తీసుకోవాలి. కొన్నేళ్ల తరవాత ఇల్లు మారి దీన్ని అద్దెకిస్తే అదే రోజు కంపెనీకి చెప్పి ల్యాండ్‌లార్డ్ పాలసీకి మార్చండి. యజమాని ఉంటున్న ఇల్లన్న లెక్క మీదే ఈ పాలసీ ఇస్తారు.

మీ ప్రశ్నకు వస్తాను. ముగ్గురు ఏజెంట్లకూ ఒకే అంకెలు పంపండి: ‘ఏ’ మొత్తం, రూఫ్‌కి రీప్లేస్‌మెంట్ కాస్ట్, గాలి-వడగళ్ల డిడక్టిబుల్, వాటర్ బ్యాకప్, లయబిలిటీ 5 లక్షలు. అప్పుడు వచ్చే ధరల్నే పోల్చండి. అలా పోల్చాకా చవకగా ఉన్నది చవకే, మీ రాష్ట్ర ఇన్సూరెన్స్ శాఖ దగ్గర ఆ కంపెనీ మీద ఫిర్యాదులెలా ఉన్నాయో చూసి తీసుకోండి. బడ్జెట్ బిగువుగా ఉంటే మామూలు డిడక్టిబుల్‌ని 1,000 నుంచి 2,500కి పెంచండి, ‘ఏ’నీ ‘ఇ’నీ మాత్రం తగ్గించకండి. చిన్నవాటికి క్లెయిమ్ పెట్టే అలవాటూ మంచిది కాదు. మీ క్లెయిముల చరిత్ర ఏడేళ్ల దాకా కంపెనీలకు కనిపిస్తుంది, ప్రీమియం పెరుగుతుంది.

సామాను సర్దుకున్నాక ఫోన్‌తో ప్రతి గదీ, ప్రతి అలమరా వీడియో తీసి ఇంటి బయట ఎక్కడైనా భద్రపరచండి. ఇంట్లో దిగిన రోజే మెయిన్ వాల్వ్ ఎక్కడుందో వెతికి, ఎలా కట్టాలో ఇంట్లో అందరికీ చూపించండి.